బయోస్ సూత్రానికి కాల్గరీ వ్యాఖ్య

మూలము

బయోసు నవీకృతమగుచున్నది. కరెంటు నాపకుము, కదల్పకుము, మీట ముట్టకుము.

అవతారిక

ఇది డెస్క్‌టాప్ కంప్యూటరు తెరపై వెలసే శాసనం. కర్త అజ్ఞాతుడు. ఛందస్సు లేదు. చిరకాలం దీన్ని చదివినవారు అరుదు. “పనిచేసేదాన్ని కెలక్కు” అన్న పెద్దల మాట, కంప్యూటరును లేపే ప్రోగ్రామైన బయోస్ విషయంలో వేదవాక్యంగా చెల్లింది. 2024లో ఆ మాటకు కాలం తీరింది. ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తమను తామే చెడగొట్టుకుంటున్నాయని బయటపడింది. చెడినది ఇక బాగుపడదు. చెడనిది చెడకుండా ఉండాలంటే ప్రాసెసరు లోపలి సూచనలను సరిదిద్దే మైక్రోకోడు, అంటే ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129, దాని తర్వాతి సవరణలు కలిసిన కొత్త బయోస్ వేసుకోవాలి. ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించి, మిగతా కర్తవ్యాన్ని గృహస్థుడికి అప్పగించింది. ఆ విధంగా కెనడాలోని కాల్గరీ బేస్‌మెంట్లలో ఫర్నేసు పక్కన బల్ల వేసుకున్న తెలుగు గృహస్థులు సైతం ఈ సూత్రపఠనానికి అధికారులైనారు.

మంగళాచరణ విచారము

మూలానికి ముందు మంగళశ్లోకం వంటి విడుదల పత్రం ఒకటి ఉంటుంది. అందులో ఒకే పంక్తి: వ్యవస్థ స్థిరత్వము మెరుగుపరచబడినది. కంపెనీ ఏదైనా, సంచిక ఏదైనా పంక్తి ఇదే. ఏ స్థిరత్వం? ఎవరిది? నిన్నటిదాకా అస్థిరంగా ఉందని ఎందుకు చెప్పలేదు? మందు సీసా మీద “ఆరోగ్యము మెరుగగును” అని మాత్రమే రాసి అమ్మితే డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. ఇక్కడ అడిగేవాడు లేడు. వేసుకోవాలో వద్దో తేల్చుకోవలసినవాడికి ఆ ఒక్క పంక్తితో ఏమీ తేలదు. కోపం వ్యాఖ్యాత లక్షణం కాదు కనుక ముందుకు పోదాం.

ప్రతిపదార్థము

సుగమము. వదలివేయడమైనది.

విశేషము

ఇలా వదిలేయడానికి పూర్వాచార్యుల ఒరవడి ఉంది. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాతలకు తాతగారు మల్లినాథసూరి మనవాడే; మెదక్ సీమలోని కొల్చారం ఆయన ఊరు, కోలాచలం ఇంటిపేరు. కాళిదాసు కావ్యాలు మూడింటికి రాసిన వ్యాఖ్య సంజీవని. భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన ముందే ప్రతిన పూనాడు. కంప్యూటరు చర్చలో ఆయన పేరు ఎత్తడంతో ఆ ప్రతినలో రెండో సగం ఇక్కడ భంగమైంది, తాతగారు క్షమించాలి.

అన్వయం చెప్పడంలో రెండు పద్ధతులున్నాయి. మల్లినాథుడిది దండాన్వయం: శ్లోకంలో చెల్లాచెదురుగా ఉన్న పదాలను వచనంలో వరుసగా పేర్చుకుంటూ పోవడం. రెండోది ఖండాన్వయం: ముందు క్రియను పట్టుకుని, ఎవడు, దేనిని, ఎటువంటి, ఎక్కడ అని ప్రశ్న మీద ప్రశ్న వేసి తక్కిన పదాలను లాగడం. పాఠశాలల్లో గురువులు ఈ రెండో దాన్నే ఇష్టపడేవారు; విద్యార్థి నిద్రపోయే వీలుండదు. దండాన్వయంలో చదివినవాడికి శ్లోకమంతా తెలిసినట్టే ఉంటుంది, ఒక్క పదం పట్టుకుని అడిగితే నోరు పెగలదు. ఖండాన్వయంలో తెలియని పదం దగ్గర ప్రశ్న ఆగిపోతుంది, తెలియనిది ఎక్కడుందో బయటపడుతుంది.

సంజీవని ఎందుకు అవసరమైందో కూడా ఆయనే చెప్పుకున్నాడు. దుష్ట వ్యాఖ్యల విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట. చచ్చిపోయిందనలేదు. వైద్యుడు చూడవలసిన తేడా అది. ఇక్కడే మన కంప్యూటరు మదర్‌బోర్డు గుర్తుకు రావాలి.

లక్షణ వివేచనము

బయోస్ మారింది, యంత్రం తనంతట తాను తిరిగి లేచింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. ఇది మూర్ఛా, మరణమా? కొత్త బయోస్ పాత అమరికలను తుడిచేస్తుంది కాబట్టి డీడీఆర్5 మెమరీ ఉన్న బోర్డు మెమరీ కడ్డీల వేగం, ఆలస్యం అన్నీ మళ్లీ మొదటి నుంచి కొలుచుకుంటుంది. నిమిషాలు పడుతుంది. ఆ వేళ అది గృహస్థుడికి ఏమీ చెప్పదు. తెర వెలగడానికే ఆ కొలత ముగియాలి. అప్పుడు మేడమీద నుంచి ఒక పండితుడు దిగివస్తాడు. “ఏం తమ్ముడూ, ఇంకా రాలేదా? పవర్ బటన్ నొక్కి పట్టు, అదే వస్తుంది.” కొన్ని బోర్డులు అప్‌డేట్ వల్ల పోవు, వ్యాఖ్య వల్ల పోతాయి.

ఖండాన్వయం తెలిసినవాడు చాలా బోర్డుల అంచున ఉండే నాలుగు చిన్న దీపాలు చూస్తాడు. ప్రాసెసరా? మెమరీయా? గ్రాఫిక్సా? డిస్కా? వెలిగి ఆగిన దీపమే ప్రశ్న ఆగిన చోటు. మెమరీ దీపమైతే ఒక్క కడ్డీ ఉంచి చూడాలి. ఏ దీపమూ వెలగకపోతే బయోసే లేవలేదని శంకించాలి.

పూర్వపక్షము

పండితుడు మళ్లీ అంటాడు: “గుండ్రటి బ్యాటరీ పీకి కాసేపు ఆగితే పాత బయోస్ వచ్చేస్తుంది గురూ.”

సిద్ధాంతము

రాదు. ఆ సీఆర్2032 బ్యాటరీ మూడు వోల్టులతో కాపాడేది గడియారాన్నీ కొన్ని అమరికలనీ. అమరిక తప్పితే అది పీకడం మందే. ఆ అమరికల జ్ఞాపకానికి సీఎమ్మాస్ అని పేరు; దాన్ని క్లియర్ చేయడం ఇందుకే. బయోస్ ప్రోగ్రాము ఉండేది ఫ్లాష్ చిప్‌లో. దానికి బ్యాటరీతో పనిలేదు, కరెంటు లేకున్నా రాసింది చెరగదు. సగం రాసిన రాత కూడా చెరగదు. ఈ చిప్ మీద తిరగరాయవచ్చన్న సౌకర్యం ఎంతటి ముప్పో 1999 ఏప్రిల్ 26న లోకానికి తెలిసింది: తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన సీఐహెచ్ వైరస్ ఆనాడు మేల్కొని ఎన్నో యంత్రాల బయోస్‌ను చెరిపేసింది. పండితుడు అప్పటికే కంప్యూటర్లు వాడుతున్నాడు. గుర్తులేదు.

“కరెంటు నాపకుము” అను చోట

కాల్గరీవాసికి ఇక్కడ ధర్మసంకటం. 2024 జనవరి 13, శనివారం సాయంత్రం, మైనస్ 30కి దిగువన చలి. కాల్గరీ ఉన్న అల్బర్టా ప్రాంతపు విద్యుత్ గ్రిడ్ కుంగేలా ఉందని ఫోన్లన్నీ ఒక్కసారి కూశాయి: అక్కరలేని దీపాలార్పండి, పెద్ద ఉపకరణాలు వాడకండి. జనం విన్నారు, నిమిషాల్లో 150 మెగావాట్ల వాడకం తగ్గిందని గ్రిడ్ నిర్వాహకులు ప్రకటించారు. ఆ క్షణాన బయోస్ రాస్తున్నవాడి గతి? ఆర్పుమని విధి, ఆపకుమని నిషేధం. మీమాంసకులు తేల్చే తీరు ఇది: సామాన్య శాస్త్రం కన్నా విశేష శాస్త్రం బలవత్తరం; కనుక దీపాలార్పి, చీకట్లో కూర్చుని, కంప్యూటరు నడపవలెను. కాని అదే ఏడు ఏప్రిల్ 5 ఉదయం వంతులవారీ కోతలే పెట్టారు. కోతకు జైమిని మీమాంసా సూత్రాలు తెలియవు. పడమటి కొండల నుంచి వీచే షినూక్ గాలికీ తెలియవు. కారు ఇంజిన్ వెచ్చగా ఉంచే బ్లాక్ హీటరు పెట్టగానే ఎగిరిపోయే బ్రేకరుకు అసలే తెలియవు.

సూత్రకర్త ధీమా చూడండి. కరెంటు పాఠకుడి చేతిలో ఉన్నట్టు శాసించాడు. పోతే దోషం చదివినవాడిది. పక్కనే రెండో చిప్ ఉంచి, ఒకటి చెడితే రెండోదాని నుంచి లేచే బోర్డులు ఎన్నడో వచ్చాయి. తక్కిన బోర్డుల్లో అది లేనిది విద్య తెలియక కాదు. బయోస్‌లో రంగుల తెరకు, మౌసు బాణానికి, మెరిసే లోగోకు మాత్రం చోటు దొరికింది. 2019లో రైజెన్ 3000 ప్రాసెసర్లు వచ్చినప్పుడు కొన్ని బోర్డుల 16 మెగాబైట్ల చిప్‌లో చోటు చాలక ఆ రంగుల తెర తీసి సాదా తెర పెట్టారు. ఎవరి ప్రాణమూ పోలేదు. 2023 డిసెంబరులో పరిశోధకులు, లోగో బొమ్మను చదివే కోడులోనే దొంగకు సందుందని చూపించారు. ఆడంబరానికి వెచ్చించిన చోటు దొంగకు పనికొచ్చింది, ఇంటివాడికి రాలేదు.

చికిత్సా క్రమము

వేచి ఉండుట. పిదప కరెంటు తీగ పీకి, సీఎమ్మాస్ క్లియర్ చేసి, ఒక్క కడ్డీతో లేపుట. లేవకపోతే, పెన్ డ్రైవ్ నుంచి నేరుగా బయోస్ రాసే ఫ్లాష్‌బ్యాక్ మీట బోర్డు వెనక ఉందేమో చూచుట. ఉన్నవాడు అదృష్టవంతుడు: పెన్ డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలు వేసి, నియమించిన పోర్టులోనే గుచ్చి, మీట నొక్కి, దీపం మిణుకుమనడం ఆగేదాకా జపం చేయవచ్చు. లేనివాడు ఎనిమిది కాళ్ల చిప్‌కు క్లిప్ తగిలించి, చవక ప్రోగ్రామరుతో బయటినుంచి రాయాలి. ముందు చిప్ వోల్టేజీ చూసుకోవాలి, 1.8 వోల్టుల చిప్‌కు 3.3 ఇస్తే మూర్ఛ మరణమవుతుంది.

పాఠాంతరములు

ఒకే పేరున్న బోర్డుకు వైఫై ఉన్నది, లేనిది, రివిజన్ 1.0, 1.1 అని పాఠభేదాలు. రివిజన్ సంఖ్య బోర్డు మూలన చీమ కన్నా చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంపెనీ తన ఫైలుకు పెట్టే పేరొకటి, ఫ్లాష్‌బ్యాక్ మీట గుర్తించే పేరు మరొకటి. మార్చాలని చెప్పే పంక్తి మాన్యువల్ అడుగున దాగి ఉంటుంది. తాళపత్రాలను పరిష్కరించినవారికి చెదలతో కష్టం. ఇక్కడ చెదలు కూడా లేవు, ఫైలు కన్నవాడే పేరు మార్చాడు. విండోస్ డిస్కుకు తాళముంటే, యంత్రం లేచాక 48 అంకెల కీ అడగవచ్చు. ముందే రాసుకోమని మూలం చెప్పదు. బోర్డు పోయిందని ఆ కంపెనీకి విన్నవించుకుంటే తొలి జవాబులోనే అడిగారు: “తాజా బయోస్ వేశారా?”

తాత్పర్యము

జాగ్రత్త చెప్పడం చవక. రెండో చిప్‌కు, ఒక మీటకు డబ్బు ఖర్చు. అందుకని కంపెనీలు హితబోధను బోర్డుతో ఉచితంగా ఇచ్చి, రక్షణను ఖరీదైన బోర్డులకు దాచిపెడతాయి. ప్రాసెసరు తప్పు సరిదిద్దడానికి బయోస్ తప్పనిసరి చేసినప్పుడు, ఆ బయోస్ చెడితే లేపే దారి కూడా ప్రతి బోర్డులో తప్పనిసరి కావాలి. అంతవరకు కొనేవాడు లోగో చూడకుండా పెట్టె తిప్పి వెనక మీట ఉందా అని చూడవలెను. లేకుంటే షాపులోనే వదిలి రావలెను.