తదుపరి తైవాన్, వయా తుక్కుగూడ

మన నాయకులకు ఈ మధ్య చిప్పులకు పేరుపడ్డ తైవాన్ మీద మహా ప్రేమ పుట్టుకొచ్చింది. పెట్టుబడుల సభ ఏది జరిగినా సరే, శాలువాలు కప్పడం అయ్యాక మైకందుకున్నాయన హైదరాబాద్‌ను చిప్పుల రాజధానిగా ప్రకటించేస్తాడు. క్వాల్‌కామ్ మన దగ్గర లేదా, ఏఎండీ లేదా, ఇంటెల్, ఎన్విడియా, మైక్రాన్ లేవా అని వేళ్ళు మడిచి లెక్క చెబుతాడు. నిజమే, అన్నీ ఉన్నాయి. మన ఫోన్లో ఉండే చిప్పును తయారుచేసే కార్ఖానా ఒక్కటే లేదు. ఇంత చిన్న వెలితిని పట్టుకుని శుభకార్యం ఆపమనడం మర్యాద కాదు కదా!

ఈ శుభకార్యం మనకు కొత్తేమీ కాదు. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సెమ్‌ఇండియా అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 300 కోట్ల డాలర్లు అన్నారు. టెక్నాలజీ ఇచ్చేది ఏఎండీ అన్నారు. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, రావిర్యాల పక్కన, వెయ్యి ఎకరాలకు పైగా భూమి చూపించి దానికి ఫ్యాబ్ సిటీ అని పేరు పెట్టారు. పేరు వచ్చింది, ఫ్యాబ్, అంటే చిప్ కార్ఖానా, రాలేదు. ఈలోగా 2009లో ఏఎండీయే తన సొంత ఫ్యాబులన్నిటినీ అబుదాబి సొమ్ముతో పుట్టిన గ్లోబల్‌ఫౌండ్రీస్‌కు అప్పగించి చేతులు దులుపుకుంది. కాపురం ఎలా చేయాలో మనకు చెప్పాల్సిన గురువుగారే సన్యాసం పుచ్చుకున్నారన్నమాట.

అయినా ఫ్యాబ్ సిటీ వల్ల ఏమీ రాలేదంటే పాపం తగులుతుంది. వెంచర్లు వచ్చాయి. సిలికాన్ పొర (వేఫర్) ఒక్కటి బయటికి రాకముందే తుక్కుగూడ, మహేశ్వరం చుట్టూ గజం ధరలకు రెక్కలొచ్చాయి. ఆ భూమిలో తర్వాత సోలార్ ప్యానెళ్ళు, టీవీలు చేసేవాళ్ళు వచ్చారు, అది మంచి మాటే. 2016లో రావిర్యాలలోనే వండర్‌లా వినోద పార్కు తెరిచారు. ఆ చుట్టుపక్కల జనాన్ని పైకి తీసుకెళ్ళి కింద పడేస్తామని చెప్పి మరీ ఆ పని చేస్తున్న సంస్థ అదొక్కటే.

ఫ్యాబ్ మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటుంది: కార్ఖానా లేకపోతేనేం, డిజైన్ మనదే కదా! ప్రపంచ చిప్ డిజైనర్లలో అయిదో వంతు మనవాళ్ళేనని ఢిల్లీ నుంచి మంత్రులు తరచూ చెబుతుంటారు. ఆ ధైర్యంతోనే అమీర్‌పేట గోడల మీద జావా పోస్టర్ల పక్కన చిప్ డిజైన్ నేర్పే వీఎల్ఎస్ఐ కోర్సుల పోస్టర్లు వెలిశాయి. మన పిల్లలకు తెలివి లేదని ఎవరూ అనలేదు. అర్ధరాత్రి శాన్‌డియాగోతో కాల్ మాట్లాడుతూ, నెలల తరబడి వెరిఫికేషన్ చేసి, టేపౌట్ అయిన రోజున, అంటే డిజైన్ ఖరారై తయారీకి వెళ్ళిన రోజున, ఆఫీసులో కేకు కోస్తారు. ఆ డిజైన్ మీద హక్కు అమెరికా కంపెనీది. గీసిన సాఫ్ట్‌వేర్ కూడా అమెరికాదే, సినాప్సిస్‌దో, కేడెన్స్‌దో. ఫైలు చివరికి వెళ్ళేది ఎక్కువగా తైవాన్‌కే. మనకు మిగిలేది జీతం, కేకు ముక్క. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు. 2025 మే నెలలో ఇదే సాఫ్ట్‌వేర్‌ను చైనాకు అమ్మొద్దని వాషింగ్టన్ ఒక్క మాటతో ఆపేసింది, జులైలో మళ్ళీ వదిలింది. ఆ మీట ఎవరి చేతిలో ఉందో మన వక్తలు ఎప్పుడూ చెప్పరు.

అసలు తైవాన్ కూడా తైవాన్ ఒక్కదానితో నడవదు. అక్కడి చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీకి అత్యంత సూక్ష్మమైన చిప్పులు ముద్రించే యంత్రం నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఇవ్వాలి. ప్రపంచంలో ఇంకెవరూ ఆ యంత్రం చేయరు. అందులోని అద్దాలు జర్మనీలోని జైస్ చేయాలి. పైన పూసే రసాయనాలకు జపాన్ దిక్కు. 2019లో జపాన్ మూడే మూడు పదార్థాల ఎగుమతి బిగిస్తే దక్షిణ కొరియా ఉలిక్కిపడింది. 2023 ఆగస్టు నుంచి చైనా గాలియం, జెర్మేనియంల ఎగుమతికి లైసెన్సు పెట్టింది. ఇలా ప్రతి దేశం జుట్టూ ఇంకో దేశం గుప్పిట్లో ఉంది, అందుకే ఎవరూ గట్టిగా లాగరు. మన జుట్టు అందరి చేతుల్లోనూ ఉంది. మన చేతిలో ఎవరి జుట్టుందో చెప్పిన మంత్రిని నేనింతవరకూ వినలేదు.

విచిత్రమేమిటంటే హైదరాబాద్‌లో చిప్ ఫౌండ్రీ నిజంగానే ఒకటుంది. విజ్ఞాన కంచలో డీఆర్‌డీవోకు చెందిన గేటెక్ రాడార్ల వంటివాటికి గాలియం ఆర్సెనైడ్ చిప్పులు చేస్తుంది. దాని పేరు ఏ వేదిక మీదా వినపడదు, ఫొటోగ్రాఫర్లను లోపలికి రానివ్వరు కాబట్టి కావచ్చు. ప్రపంచపు గాలియం దాదాపు మొత్తం చైనాలోనే తయారవుతుందన్న సంగతి కూడా ఆ వేదికలకు అనవసరం.

చిప్ కార్ఖానాకు నీళ్ళు విపరీతంగా కావాలి. ఆ నీళ్ళ విషయంలో మాత్రం మనం తైవాన్‌కు ఎప్పుడో సమానమయ్యాం. 2021 కరువులో టీఎస్‌ఎంసీ ట్యాంకర్లతో నీళ్ళు తెప్పించుకుంది. 2024 వేసవిలో మాదాపూర్ అపార్ట్‌మెంట్లూ అదే చేశాయి.

ఇక మన ఇంటి పోరు చూడండి. చిప్ ప్యాకేజింగ్ యూనిట్ పెడతానన్న కేన్స్ కంపెనీ 2023 అక్టోబరులో హైదరాబాద్ దగ్గరి కొంగరకలాన్ అంది, చివరికి గుజరాత్‌లోని సనంద్‌లో తేలింది. 2025 ఆగస్టు 12న కేంద్ర క్యాబినెట్ 468 కోట్ల రూపాయల ప్యాకేజింగ్ యూనిట్‌ను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. మేం స్థలం ఇచ్చాక ఎత్తుకుపోయారని తెలంగాణ మంత్రి గోడు. ప్యాకేజింగ్ అంటే ఎక్కడో తయారైన చిప్పుకు తొడుగు వేసి పరీక్షించే పని. టీఎస్‌ఎంసీ ఒక్క అరిజోనాలోనే 16,500 కోట్ల డాలర్లు పెడతానంటోంది. మన అన్నదమ్ముల తగువు మాత్రం ఆ తొడుగు దగ్గరే. ఖర్చులో సగం భరించే ఢిల్లీ ఎక్కడ వేలు చూపిస్తే కంపెనీ అక్కడ దిగుతుందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. పైకి అనరంతే.

అందుకని ఈసారి ఒప్పందం ఫొటో పేపర్లో వస్తే కింద కోట్ల అంకె చూడకండి. నెలకెన్ని వేఫర్లు, ఎన్ని నానోమీటర్లు, నీళ్ళెక్కడివి, డిజైన్ ఎవరి పేరున ఉంది, ఈ నాలుగూ అడగండి. జవాబు రాకపోతే కనీసం అక్కడ ప్లాటు మాత్రం కొనకండి.