గాలి లెక్క నాది

నేను ఎయిర్‌ఫ్లో మీటర్‌ని. కాలిఫోర్నియాలో తిరిగే ఒక 1976 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బస్సులో ఎయిర్ ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉంటాను. బాష్ వారి ఎల్-జెట్రానిక్ పద్ధతిలో పెట్రోల్ ఎంత పోయాలో తేల్చేది కంప్యూటర్. దానికి గాలి సంగతి చెప్పేది నేను. ఇంజిన్ పీల్చేకొద్దీ తెరుచుకునే అల్యూమినియం రెక్క ఒకటి నాలో ఉంది. దాన్ని వెనక్కి లాగడానికి చుట్ట స్ప్రింగు ఉంది. రెక్క ఇరుసు పైకొసన సన్నటి చెయ్యి కార్బన్ పూత మీద రాసుకుంటూ తిరిగితే వోల్టేజీ మారుతుంది. ఆ వోల్టేజీనీ ఇంజిన్ వేగాన్నీ బట్టి కంప్యూటర్ నాలుగు ఇంజెక్టర్లనూ ఒకేసారి తెరిచి మూస్తుంది. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ ఈ బండికి లేదు కాబట్టి నేను చెప్పింది నిజమో కాదో సరిచూసేవాళ్లే లేరు.

అలాంటి నేను పట్టేశాను. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఊపిరాడనట్టు ఆగి, తరవాత ముందుకి ఎగిరేది. కాలు తీస్తే ఐడ్లింగ్ కుదురుగా ఉండేది కాదు, వెనక నల్లపొగ. ఒక గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, పాయింట్లు మార్చారు, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు. నా రెక్కని వేలితో ఒక్కసారి నెట్టి చూడటానికి ఎవరికీ మనసు రాలేదు. ఇలాంటి పాత బండ్లకి జరిగే అన్యాయాల్లో నన్ను బాధపెట్టేది ఇదే. కొనగలిగిన సామానంతా కొంటారు, కదలాల్సింది కదులుతోందో లేదో చూడరు.

చూసింది బండి యజమాని కూతురు. ఆయన వెనకటికి మెకానిక్కు. ఇప్పుడు చేతులు వణుకుతాయి, అందుకని పక్కన కుర్చీలో కూర్చుని చెప్తుంటే ఆమె చేసింది. ఫిల్టర్ పెట్టె విప్పి, రెక్కని మెల్లగా లోపలికి నెట్టింది. మొదటి కాస్త దూరంలోనే తగులుకుని, ఆపైన జారిపోయింది.

"మొదట్లోనే పడుతోంది నాన్నా."

"అక్కడే పట్టకూడదమ్మా."

ఆయన మాటలో ఎంతో ఉంది. రెక్క కోణానికీ గాలికీ ఉన్న సంబంధం లాగరిథమ్ లెక్క. గాలి తక్కువగా ఉన్నచోట కొద్దిపాటి తేడాకే రెక్క బాగా కదలాలి. ఐడ్లింగ్ ఉండేదీ, బండి కదిలేదీ అక్కడే. రెక్క తెరుచుకోకుండా ఆగితే పెట్రోల్ చాలదు. మూసుకోకుండా ఆగితే ఎక్కువైపోతుంది.

లోపల టార్చి వేస్తే కారణం రెండుగా కనిపించింది. ఒకటి, గోడల మీద నూనె ఆవిరీ దుమ్మూ కలిసి అట్టకట్టిన జిగురు. రెండోది, ఎప్పుడో బ్యాక్‌ఫైర్ కొట్టినప్పుడు రెక్క విసురుగా వెనక్కి గుద్దుకుని, దాని అంచు గోడకి రాసుకున్నచోట మెరిసే గీత. కార్బ్ క్లీనర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో ఆమె జిగురంతా తీసింది.

"ఇరుసుకి చుక్క నూనె వెయ్యనా?"

"వద్దు. నూనె మళ్లీ దుమ్మునే పిలుస్తుంది."

గీత దగ్గర లేచిన పొక్కుని సన్నటి ఎమరీ కాగితంతో, రెక్క స్వేచ్ఛగా ఆడేంతవరకే రుద్దింది. ఎక్కువ అరగదీస్తే ఆ సందులోంచి నా లెక్కకి అందకుండా గాలి పోతుంది, మిశ్రమం పలచబడుతుంది.

తరవాత సిలికాన్‌తో అతికించిన నల్ల మూత కత్తి మొనతో లేపింది. ఇక్కడే చాలామంది నన్ను పాడుచేస్తారు. మూత కింద స్ప్రింగు బిగువుని పట్టి ఉంచే పళ్ల చక్రం ఉంటుంది. ఒక్క పన్ను జరిగినా ఇంజిన్ తిండి మారిపోతుంది. ఫ్యాక్టరీలో నన్ను ఊరికే అక్కడ ఆపలేదు. ఆ పిల్ల చక్రం మీద గుర్తుగా గీత గీసి, దాన్ని ముట్టుకోలేదు. నాకు అంతకంటే పెద్ద మర్యాద లేదు. ముల్లు మీటరు తగిలించి రెక్కని నెమ్మదిగా తోసింది. ముల్లు ఒకచోట వణికింది, పూత అక్కడ అరిగిపోయింది. చెయ్యి కొసని వెంట్రుకవాసి పక్కకి వంచి కొత్త పూత మీద నడిచేలా చేసింది. ఈసారి ముల్లు ఎక్కడా తడబడలేదు.

బిగించాక తాళం తిప్పింది. పంపు మోగలేదు. నా లోపలి కాంటాక్టు రెక్క కదిలితేనే పంపుకి కరెంటు ఇస్తుంది, ప్రమాదంలో ఇంజిన్ ఆగితే పెట్రోల్ కూడా ఆగాలని. రెక్క నెట్టితే పంపు జుయ్యిమంది, వదిలితే ఆగింది. ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయిల్ పోసే మూత తీయమన్నాడు తండ్రి. తీయగానే ఇంజిన్ తడబడింది, ఆయన సంతోషించాడు. నన్ను దాటి దొంగగాలి పోయే రంధ్రం ఇంకెక్కడైనా ఉంటే ఆ తేడా అంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఆ వేసవిలో బండిని టియోగా కనుమ మీదికి తోలారు. సుమారు 3,000 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ ఇంజిన్ కొంచెం బరువెక్కింది, అమ్మాయి కంగారుపడింది. తండ్రి కంగారుపడలేదు. నా రెక్క గాలి తోపుని కొలుస్తుంది కానీ బరువుని కొలవలేదు. గాలి పలచబడ్డచోట అసలున్న దానికన్నా కాస్త ఎక్కువే చెప్తుంది. 1980ల్లో వేడితీగ మీటర్లు వచ్చి బరువునే కొలవసాగాయి. నాకది చేతకాదు, ఎంత శుభ్రం చేసినా రాదు.

"ఇది జిగురు కాదమ్మా, దిగుదాం," అన్నాడాయన. దిగువన లీ వైనింగ్ చేరేసరికి పికప్ తిరిగి వచ్చింది.