మంచి జిన్ సీసా చుట్టాల నుంచి కాపాడుకోవడం ఎలా?

ఫాల్గుణంలో నరసింహస్వామి తీర్థానికి కోరుకొండ నిండా చుట్టాలే. సరిగ్గా అప్పుడే దుబాయ్ బావమరిది లండన్ డ్రై జిన్ లీటరు సీసా తెచ్చి మీ చేతిలో పెడతాడు. సుంకం లేకుండా 2 లీటర్లు తేవచ్చు కదా, ఒకటే తెచ్చావేమని ముందు నిలదీయండి. 60 మి.లీ. చొప్పున పోస్తే పదహారు పెగ్గులకే సీసా అడుగంటుతుంది. అందుకని అది మంచి సరుకని ఎవరికీ తెలియనివ్వకండి.

1. స్టీలు గ్లాసులో పోయండి. పొద్దున మజ్జిగ తాగినదైతే శ్రేష్ఠం, కడగక్కర్లేదు. జిన్‌కి ప్రాణం జూనిపర్ కాయ వాసన. మజ్జిగ దాన్ని లేవనివ్వదు. పైగా ఎంత పోశారో బయటికి కనపడదు. 30 పోసి 60 అనండి.

2. ఐసు ట్రేని రెండు రోజుల ముందే ఫ్రీజర్‌లో కొర్రమేను ముక్కల పక్కన పెట్టండి. పెద్ద ఐసుముక్క నెమ్మదిగా కరుగుతుంది, కాబట్టి చితక్కొట్టి వేయండి.

3. టానిక్ వాటర్ కోసం 20 కిలోమీటర్లు రాజమండ్రి దాకా ఎవరు వెళ్తారండీ? ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి: "దాని చేదు క్వినైన్‌ది. తెల్లదొరలు మలేరియా భయంతో తాగేవారు. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో ఆ క్రిమిని పట్టేశాడుగా, ఇంకా టానిక్ ఎందుకు?" ఇంత చరిత్ర విన్నవాడు రెండోసారి అడగడు. బదులుగా ఫ్రిజ్‌లో మిగిలిపోయిన ఆర్టోస్ పోయండి. రామచంద్రపురం సరుకుని కాదనడానికి గోదావరి వాళ్ళకి నోరు రాదు. డ్రై జిన్ అంటే తీపి చేర్చనిది. ఆ తీపి దెబ్బకి దాని గుట్టు పూర్తిగా మరుగున పడుతుంది.

4. నిమ్మకాయ నిన్న కోసిందే వాడండి.

5. ముక్కు గట్టి మామయ్యగారు ఒకరుంటారు. "ధనియాల వాసన వస్తోందేంటల్లుడూ?" అంటారు. కంగారు పడకండి. జిన్‌లో నిజంగానే ధనియాలు వేస్తారు, ఆ మాట మాత్రం అనకండి. "చారు గరిటెతో కలిపాను మామయ్యగారూ" అనేయండి. ఆయన గ్లాసు అక్కడే దించేస్తారు. పారబోయకండి, తరవాత వచ్చేవారికి అదే ఇవ్వచ్చు.

6. "ఇంకో పెగ్గు" అన్నవాళ్ళకి పగలైతే తీర్థం రోజు తప్పనీ, రాత్రయితే పొద్దున్నే కొండెక్కాలనీ చెప్పండి. మరీ మొండికేస్తే బీరువా తాళం అత్తయ్యగారి దగ్గరుందనండి. నిద్రపోతున్న అత్తయ్యగారిని లేపే మొనగాడు మన మండలంలో లేడు.

7. అందరూ వెళ్ళాక సీసాని ఎండ పడే షోకేసులో పెట్టండి. మూత బిగించే శ్రమ దేనికి? తగ్గిన మేరకు బోరు నీళ్ళు పోయండి. వాసన ఎగిరిపోతే పోనివ్వండి, వీధిలోంచి చూసేవాళ్ళకి కనిపించేది నిండు సీసాయే.

ఏడాది ఇలా నడిపించండి. వచ్చే తీర్థానికి చుట్టాలు పక్కింట్లో దిగుతారు, బావమరిది ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ఇక ఆ సీసా పూర్తిగా మీదే.