నీళ్ళ దారి

మా రోజుల్లో వేన్నీళ్ళంటే తెల్లవారుజామున పెరట్లో రాగి బాయిలర్ రాజేయడమే. ముక్కోటినాటి భద్రాచలం చలికి గోదావరి గాలి తోడైతే వేన్నీళ్ళు లేనిదే ఒంటిమీద చెంబు పడేది కాదు. బాయిలర్ నడుమ గొట్టంలో పుల్లలు, చుట్టూ నీళ్ళు. పై గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే అవి అడుక్కి దిగేవి, పక్క కొమ్ములోంచి చెంబుడు కాగిన నీళ్ళు బకెట్లో పడేవి. చన్నీళ్ళు బరువు, వేన్నీళ్ళు తేలిక. బడి గడప తొక్కని మా అమ్మకు తెలుసు ఆ సంగతి.

ఇప్పుడు మేడలమీద సోలార్ హీటర్లు పెట్టిస్తున్నారు. మంచిదే. పొయ్యిల కోసం అడవి నుంచి ఎన్ని మోపులు దిగాయో కళ్ళారా చూసినవాణ్ణి. వంద లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే కరెంటు నాలుగు యూనిట్లు కాలుతుంది, ఎండ ఊరికే ఇస్తుంది. కానీ బిగించేవాడికి మా అమ్మకున్న ఎరుక ఉండొద్దా?

మా ఇంట్లో బిగించి గంటన్నరలో వెళ్ళిపోయారు. మూడు వారాలు గోరువెచ్చని నీళ్ళే. అడిగితే ఎండ చాలడం లేదన్నారు. ఎండ చాలకపోవడమా, మా ఊళ్ళో! నేనే నిచ్చెనేసుకుని ఎక్కాను. ప్యానెల్ పైనుంచి ట్యాంకుకు పోయే పైపు నడుమ జానెడు లేచి, మళ్ళీ కిందికి దిగింది. ఆ మూపురంలో గాలి చేరి నీటిని ఆపేసింది. ఈ హీటరుకు మోటారు లేదు. కాగిన నీరు తేలికై పైకి పోవాలి, చల్లటిది ట్యాంకు అడుగు నుంచి ప్యానెల్‌లోకి దిగాలి, అంతే. పైపు ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవాలి. ట్యాంకు అడుగు ప్యానెల్ పై అంచుకన్నా ఓ అడుగు ఎత్తునుండాలి. పారుదల ఆగిందా, నీళ్ళు ప్యానెల్‌లోనే కాగి కాగి ఆ వేడంతా అద్దంలోంచి గాలిపాలు. పట్టిన ఎండ వృథా.

బోరు నీళ్ళ సంగతి ఇంకో బాధ. సన్నటి రాగి గొట్టాల్లో సున్నం పెచ్చుకట్టి దారి మూసుకొస్తుంది, ఏడాదికోసారి కడిగించాలి. ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పొద్దూ?

పైపు సరిచేయించాక మిట్టమధ్యాహ్నం మనవణ్ణి మేడెక్కించి, ప్యానెల్‌లోకి దిగే పైపు పట్టుకోమన్నాను. చల్లగా ఉందన్నాడు. పై పైపు ముట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.