ఉద్దానం శాంపిల్ పెట్టె

నేను శాంపిల్ పెట్టెను. నీలం ప్లాస్టిక్ ఒళ్ళు, తెల్ల మూత, చల్లదనం బయటికి పోకుండా గోడల మధ్య దట్టించిన ఫోమ్. చూసినవాళ్ళు టీకాల పెట్టె అనుకుంటారు. రూపం ఒకటే గానీ పని వేరు. అది ఊరికి మందు తెస్తుంది, నేను ఊరి నెత్తురు మోసుకుపోతాను.

నా ఇల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి తోటలకూ జీడి తోటలకూ నడుమ ఉన్న ఒక ఆరోగ్య కేంద్రం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. ఇంత పచ్చటి నేలకు ఆ పేరు స్థిరపడిపోవడం నాకు కష్టంగా ఉంటుంది. జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మొదట్లో నొప్పి ఉండదు, వాపూ ఉండదు. తోటలో దింపు తీసే మనిషి ఎప్పటిలాగే చెట్టెక్కుతుంటాడు. లోపల మూత్రపిండాలు దెబ్బతింటున్న సంగతి ముందుగా చెప్పేది నెత్తురులోని క్రియాటినిన్, మూత్రంలోని ప్రోటీన్. కాబట్టి ఈ ఊళ్ళలో సూది పోటు ఎరగని ఇల్లు అరుదు.

పొద్దున్నే బల్ల మీద నా మూత తీసి ఉంచుతారు. ఎదురుగా వరసలో జనం.

"ఏటి బాబూ, ఇంత రగతం తీసేస్తే నాను బతుకుతానేటి?" అంటుంది ఒక ముసలమ్మ.

"రెండు చెంచాలు కూడా లేదమ్మా. చెయ్యి వదులుగా పెట్టు, పిడికిలి బిగించకు" అంటాడు టెక్నీషియన్.

ఆ మాట ఊరికే అన్నది కాదు. పిడికిలి గట్టిగా బిగించి తెరుస్తుంటే కండరాల్లోంచి పొటాషియం నెత్తురులోకి వస్తుంది. జబ్బ మీద రబ్బరు పట్టీ నిమిషం దాటి ఉంచినా లెక్కలు మారిపోతాయి. ట్యూబులు నింపడానికీ ఒక వరస ఉంది. పసుపు మూతది ముందు, ఊదా మూతది తరవాత. ఊదా ట్యూబులో నెత్తురు గడ్డకట్టకుండా ఈడీటీఏ పొటాషియం లవణం ఉంటుంది. దాని చుక్క పసుపు ట్యూబులో పడిందంటే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, కాల్షియం తగ్గుతుంది. కిడ్నీ రోగికి ఆ రెండూ ముఖ్యమైనవే. నిండిన ఊదా ట్యూబును ఎనిమిది, పది సార్లు మెల్లగా తలకిందులు చేస్తాడు. గిలక్కొట్టడు. గిలక్కొడితే ఎర్రకణాలు పగులుతాయి.

పసుపు ట్యూబును అరగంట నిలబెడతాడు. పాలు తోడుకున్నట్టు నెత్తురు గడ్డకట్టాలి, తొందరపడి కదిపితే చెడుతుంది. ఆ తరవాత సెంట్రిఫ్యూజ్‌లోకి. ఎదురెదురు గూళ్ళలో సమాన బరువున్న ట్యూబులు పెట్టి పది, పదిహేను నిమిషాలు తిప్పితే కణాలు అడుక్కి దిగుతాయి, పైన లేత పసుపు సీరం తేరుతుంది, రెండిటి మధ్య జెల్ గోడలా నిలుస్తుంది. ఆ గోడ నిలిచాకే పసుపు ట్యూబులు నాలోకి రావాలి. ఇది నియమమని చెప్పడం లేదు. అది తప్పిన రోజు ఏమైందో నేను చూశాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తరాల నాటి కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. జీడి తోటలు మొదలంటా పోయాయి. కరెంటు స్తంభాలు విరిగాయి, రోడ్ల మీద మానులు పడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు. సెంట్రిఫ్యూజ్ తిరగలేదు. అయినా నెత్తురు తీయక తప్పని మనుషులు ఉన్నారు. అప్పటికే కిడ్నీ జబ్బు ముదిరిన ఒక కొబ్బరి రైతు వాళ్ళలో ఒకడు. ఆయన ట్యూబును సీరం వేరు చేయకుండానే, చెడిపోకూడదన్న మంచి ఉద్దేశంతో ఎవరో ఐసు ప్యాకుల మధ్య నాలో సర్దారు. దారి తెరిచేసరికి గంటలు గడిచాయి.

ఎర్రకణం లోపల పొటాషియం బయటి సీరంలో కంటే ఇరవై రెట్లకు పైగా ఉంటుంది. అది బయటికి జారకుండా కణం పొరలోని ఒక పంపు అనుక్షణం పనిచేస్తూనే ఉంటుంది. చలికి ఆ పంపు మందగిస్తుంది, పొటాషియం బయటికి కారుతుంది. కణం పగిలితే సీరం ఎర్రబడి పట్టిస్తుంది. ఈ కారడం మాత్రం కంటికి ఆనదు. సీరం తేటగానే కనిపిస్తుంది. ల్యాబులో మిషను తనకిచ్చినదాన్ని సరిగ్గానే కొలిచింది. పొటాషియం ఆరున్నర దాటింది. మామూలు మనిషికి మూడున్నర నుంచి ఐదు. ఆరున్నర అంటే గుండె ఏ క్షణాన్నయినా లయ తప్పవచ్చు. ఆ రాత్రే ఇంట్లోవాళ్ళు, కూలిన తోట ముఖం కూడా చూడకుండా, అప్పు చేసి ఆయన్ని విశాఖ తీసుకుపోయారు. అక్కడ కొత్తగా నెత్తురు తీసి వెంటనే పరీక్ష చేస్తే ఐదు లోపే ఉంది.

ఆయన తిరిగొచ్చాడు, బాగానే ఉన్నాడు. కానీ ఇలాంటివి రెండు జరిగితే మూడోసారి నిజంగా ఆరున్నర వచ్చినప్పుడు "శాంపిలు తేడా అయి ఉంటుందిలే" అని పక్కన పెట్టేస్తారు. అప్పుడు పోయేది ప్రాణం. పరీక్ష మీద నమ్మకం పోవడం తప్పుడు పరీక్ష కంటే పెద్ద నష్టమని నా గట్టి అభిప్రాయం. ఆ తరవాత టెక్నీషియన్ నా మూత మీద మార్కరుతో రాశాడు: "సీరం వేరు చేయని ట్యూబు ఐసులో పెట్టరాదు." వేరు చేసే వీలు లేనప్పుడు గది వేడిమిలోనే ఉంచి, రెండు గంటల్లోగా సెంట్రిఫ్యూజ్ ఉన్న చోటికి చేర్చాలి. చల్లగా ఉంచడానికే నా పుట్టుక. ఆ చల్లదనం అన్నిటికీ మేలు కాదని ఉద్దానమే నాకు నేర్పింది. రక్తం గడ్డకట్టే సమయం చూసే లేత నీలం మూత ట్యూబునూ చలిలో పెట్టకూడదు.

నాకంటే దూరం వెళ్ళే తోబుట్టువు ఒకటుంది, మందపాటి థర్మోకోల్ పెట్టె. పరిశోధన కోసం సీరాన్ని చిన్న చిన్న సీసాల్లోకి పంచి, మైనస్ 80 డిగ్రీల్లో గడ్డకట్టించి, డ్రై ఐసు మధ్య అందులో పంపుతారు. సీసా చుట్టూ ఒలికితే పీల్చుకునే దూది, దాని చుట్టూ కారని డబ్బా, ఆ పైన గట్టి పెట్టె. విమానం ఎక్కాలంటే ఈ మూడు పొరలూ, యూఎన్ 3373 అని రాసిన డైమండ్ గుర్తూ ఉండాలి. డ్రై ఐసు కరిగి నీరు కాదు, నేరుగా గ్యాసవుతుంది. పెట్టెను గాలి పోకుండా బిగిస్తే పేలుతుంది. ఉద్దానం జబ్బు గుట్టు ఏనాటికైనా తేలేది అలాంటి సీసాల్లోంచేనని నా ఆశ. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మా నెత్తురుకు జవాబు మా ఊరి పక్కనే దొరికే రోజు రావాలి.

అన్నిటికంటే నాకు భయం వేసేది పేర్ల దగ్గర. ఈ పల్లెల్లో ఒకే ఇంటిపేరుతో వీధంతా ఉంటుంది. ఒకే పొద్దున వరసలో ముగ్గురు లక్ష్ములు కూర్చుంటారు. ఖాళీ ట్యూబుల మీద ముందే పేర్లు రాసి పెట్టుకుంటే, ఒకరు చోటు మారగానే ఒకరి క్రియాటినిన్ ఇంకొకరి తలకు చుట్టుకుంటుంది. ఒకామె లేని జబ్బుకు ఏడుస్తుంది. రెండో ఆమె ఉన్న జబ్బుతో నిశ్చింతగా ఇంటికి పోతుంది. ట్యూబు చల్లగా ఉందో లేదో నేను చూసుకోగలను, అది ఎవరిదో నాకు తెలియదు.

కనుక నెత్తురు ఇచ్చే ప్రతివారికీ నా విన్నపం ఇది. సూది తీయగానే దూది ఒత్తి పట్టుకుని లేచిపోకండి. మీ కళ్ళ ముందే ట్యూబు మీద మీ పేరు, వయసు, నంబరు రాయమనండి. రాసింది చదివి వినిపించమనండి. చదువు రాకపోతే పక్కవారిని పిలిచి చూపించండి. మీ పేరు మీ చెవిన పడ్డాకే కుర్చీ దిగండి.