ఒత్తిడి లేని జీవితం

మా అపార్ట్‌మెంట్ బ్రోషరు మీద "ఒత్తిడి లేని జీవితం" అని బంగారు రంగు అక్షరాలతో అచ్చేయించాడు బిల్డరు. అయిదో అంతస్తు, ఆపైన ఆకాశం. దానికి ఫ్లోర్ రైజ్ పేరుతో అదనపు వడ్డన. అన్నీ కట్టి గృహప్రవేశం చేశాక తెలిసింది, ఆయన మాట తప్పే మనిషి కాడని. మా బాత్రూం షవర్‌లో ఒత్తిడి అన్నమాటే లేదు. తిప్పితే పూజారి తీర్థం చల్లినట్టు నాలుగు చుక్కలు, అవీ మొహమాటంగా.

అలాగని అవి అల్లాటప్పా నీళ్లా? నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు. మా హైదరాబాద్ సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన. అంటే కృష్ణమ్మ నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి, వెయ్యి అడుగులకు పైగా ఎక్కి మా డాబా మీది ట్యాంకు చేరుతోంది. అక్కణ్నుంచి నా నెత్తికి ఆరడుగులు. ఆ ఆరడుగులు దిగడానికి ఆయాసం!

ప్లంబర్ వచ్చి, షవర్‌ని వేలితో మీటి, "మోడల్ పాతది సార్" అన్నాడు. ఆర్నెల్ల కిందట దాన్ని బిగించింది అతనే. షోరూం కుర్రాడు విస్తరంత రెయిన్ షవర్ చూపించి, వానలో తడిసినట్టే ఉంటుందన్నాడు. నిజమే, అనంతపురం వాన. ఉన్న నాలుగు చుక్కల్నీ వందల చిల్లులకు పంచితే ఎవరికేం దక్కుతుంది? నడిమి చిల్లులోంచి మాత్రం సన్నగా ఒక ధార, శివలింగం మీద ధారాపాత్రలా. తలుపవతల నుంచి మా ఆవిడ, "రుద్రం చదవమంటారా?" అంది.

లెక్క హైస్కూలు సైన్సే. పది మీటర్ల ఎత్తున నీళ్లు నిలబడితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి. నా ఆరడుగులకు అందులో అయిదో వంతు కూడా రాదు. అట్టడుగున ఉండే అసోసియేషన్ ప్రెసిడెంటుగారికి యాభై అడుగుల పైచిలుకు, ఒకటిన్నర కిలో దాటుతుంది. ఆఫీసుల్లోలాగే నీళ్లలోనూ ఒత్తిడంతా కిందివాడికే. కాకపోతే ఇక్కడ కిందివాడు సుఖపడతాడు.

ప్రెషర్ పంపు పెట్టుకుంటానని అసోసియేషన్‌ని అడిగాను. అందరి నీళ్లూ లాగేస్తానేమోనని రెండు గంటలు చర్చించారు. టీ, బిస్కెట్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో రాశారు.

ఇక లాభం లేదని ఒక ఆదివారం నేనే స్పానర్ పట్టాను. పాత షవర్ మెడలోని జాలీలో గృహప్రవేశం నాటి సిమెంటు రవ్వలు, టెఫ్లాన్ టేపు ముక్క. చిల్లుల నిండా సున్నం. దాన్ని వెనిగర్‌లో నానబెట్టి, హుషారెక్కువై, గోడలోని డైవర్టర్ కార్ట్రిడ్జ్ కూడా ఊడదీశాను. ట్యాంకు దగ్గర వాల్వు కట్టకుండా.

అప్పుడు చూడాలి ప్రెషర్! గోడలోంచి తిన్నగా నా గుండెల మీదికి. కళ్లజోడు కమోడ్‌లో పడింది. ఇన్నాళ్లూ ఇంత నీరు ఎక్కడ దాక్కుందిరా అనుకుంటూ, తడి బనీనుతో డాబా మీదికి పరుగెత్తి మా లైను వాల్వు కట్టబోతే, అది అప్పటికే సగం కట్టి ఉంది. గీజర్ బిగించిన రోజు మన ప్లంబర్ కట్టి, సగమే తిప్పి వెళ్లిపోయాడు.

కార్ట్రిడ్జ్ కడిగి బిగించి, వాల్వు పూర్తిగా తెరిచి, తెల్లారి పాత షవరే తగిలించాను. జలపాతమని చెప్పను గానీ, సబ్బు నురగ ఒంటిమీదే ఎండిపోయే రోజులు పోయాయి. విస్తరాకు షవర్ ఇప్పుడు తులసికోట పక్కన ఉంది. పిచ్చుకలకు నూకలు పోస్తున్నాం.

నిన్న ప్రెసిడెంటుగారు ఫోన్ చేశారు. "మా షవర్ ఒళ్లు చీరేస్తోందండీ, ప్రెషర్ తగ్గించే ఉపాయం ఏమైనా ఉందా?"

మా ప్లంబర్ నంబరిచ్చాను. అతని చెయ్యి పడితే తగ్గని ప్రెషర్ లేదు.