పచ్చనీళ్ళ సేద్యం

చేపలు పెంచుతానని తొట్టె కొన్నాను. పెంచింది మాత్రం పాచిని. తెలిసి పెంచి ఉంటే కనీసం వ్యవసాయమన్నా అయ్యేది. చంపుతున్నానన్న పూర్తి నమ్మకంతో, ఎదురు డబ్బు పెట్టి మరీ పెంచాను.

మాది విజయవాడ. వేసవిలో పడమటి కిటికీలకు వట్టివేళ్ళ చాపలు కట్టుకునే ఊరు. అలాంటి ఊళ్ళో తొట్టెని తెచ్చి సరిగ్గా పడమటి కిటికీ కింద పెట్టాను, సాయంత్రం ఎండ పడితే గోల్డ్‌ఫిష్‌లు పేరుకు తగ్గట్టు మెరుస్తాయని. మెరిశాయి కూడా. పొద్దు వాలాక లైటు వేస్తే అది మేం పడుకునేదాకా వెలిగేది. కింద రోడ్డు మీద పోయేవాళ్ళు తలెత్తి చూస్తే మా కిటికీ నీలంగా కనబడాలని నా ఆశ. ఆరేడు గంటల వెలుతురు చాలిన చోట అంతకు రెట్టింపు పోశాను.

ఇక తిండి. గోల్డ్‌ఫిష్‌కి పొట్ట ఉండదు. ఎగతాళి కాదు, నిజంగానే జీర్ణాశయం ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి జారిపోతుంది. అందుకేనేమో ఎప్పుడు అద్దం దగ్గరికి వెళ్ళినా నిన్నటి నుంచి పస్తున్నట్టు నోరు తెరుస్తుంది. ఆ నోరు చూసి ఊరుకునే గుండె నాకు లేదు. పొద్దున నేను వేసేవాణ్ణి, బడికి వెళ్తూ అమ్మాయి వేసేది, మధ్యాహ్నం పనమ్మాయి జాలిపడి వేసేది. మా ఆవిడ ఒక్కతే “ఎంతని వేస్తారండీ, నీళ్ళు పాడైపోవూ?” అనేది. ఆవిడకి మూగజీవాల మీద ప్రేమ తక్కువని నా అభిప్రాయం.

నీళ్ళు పాలకూర ఉడికించినట్టయ్యాయి. ఆదివారం నడుం బిగించి తొట్టె మొత్తం ఖాళీ చేశాను. రాళ్ళు మరుగునీళ్ళలో వేశాను. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. కొత్త నీళ్ళు పోసి, ఫొటో తీసి, బంధువుల గ్రూపులో పెట్టాను. అందరూ బొటనవేళ్ళు చూపించారు.

ఆ స్పాంజిలోనూ రాళ్ళమీదా బాక్టీరియా కాపురం ఉంటుంది. చేపల విసర్జన నుంచీ మిగిలిపోయిన మేత నుంచీ వచ్చే అమ్మోనియాని ఒక రకం నైట్రైట్ చేస్తే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోదాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది. కొత్త తొట్టెలో ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను ప్రతి ఆదివారం దానికి మరుగునీళ్ళూ క్లోరిన్ నీళ్ళూ పట్టించి మళ్ళీ మొదటికి తెచ్చేవాణ్ణి. అమ్మోనియా పేరుకునేది. చేపని చంపేది పాచికి బలం. నీళ్ళలో తేలే ఏకకణ నాచుల్లో ఒక్క రోజులో రెట్టింపయ్యేవి ఉన్నాయి; ఆదివారం బకెట్లతో తోడి పారబోసిన పచ్చదనం గురువారానికల్లా తిరిగొచ్చేది. దానికి నేను కనిపెట్టిన విరుగుడు, వారానికి రెండుసార్లు కడగడం. తెల్ల తోక చేప చచ్చిపోయింది. అమ్మాయి ఏడిస్తే, షాపువాడు జబ్బు చేపనిచ్చాడని సర్దిచెప్పాను.

అదే షాపువాడు సక్కర్ ఫిష్ ఇచ్చాడు. “ఇది వేశారంటే మీరిక అద్దం ముట్టుకోనక్కర్లేదు సార్.” వేలెడంత ఉంది. అద్దానికి మూతి ఆనించి కొన్నాళ్ళు నిజాయితీగా పనిచేసింది. తర్వాత గోల్డ్‌ఫిష్ తిండి రుచి మరిగింది. పూర్తిగా ఎదిగితే అడుగు దాటే చేప అది. ఎదిగినకొద్దీ పాచి మీద మోజు తగ్గుతుంది, పెంట పెరుగుతుంది. అసలు అది గీకేది అద్దం మీది పొరని. నీళ్ళలో తేలే పచ్చదనాన్ని ఏ సక్కరూ నాకలేదు.

తర్వాత మైలుతుత్తం. తోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో ఉండేది అదే, చెరువుల్లో నాచుకీ వాడతారని ఎక్కడో విన్నాను. ఎంత వేయాలో వినలేదు. చిటికెడు వేశాను, చిటికెడంటే మా వంటింట్లో ఇంగువ కొలత. అందులోని రాగి నత్తల పాలిట యముడు. పాచి తింటూ బుద్ధిగా బతుకుతున్న నత్తలన్నీ తెల్లారేసరికి అడుగున పడి ఉన్నాయి. తొట్టెలోని వాలిస్నేరియా మొక్కల ఆకులు కరిగిపోయాయి. చచ్చినవన్నీ కుళ్ళి మళ్ళీ అమ్మోనియా.

మా మేనమామ కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తాడు. పెళ్ళి పిలుపులకొచ్చి ఆ రాత్రి మా ఇంట్లో పడుకున్నాడు. చెరువు మనిషికి తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటేది ఆ వేళకే. లేచి తొట్టె ముందు నిలబడి కేకేశాడు.

“ఒరే అల్లుడూ, చేపలు తేలుతున్నాయిరా!”

మిగిలిన గోల్డ్‌ఫిష్‌లు పైకొచ్చి గాలి మింగుతున్నాయి. పంపు బుడబుడలకి నిద్ర పట్టడం లేదని రాత్రిళ్ళు ఆపేసేవాణ్ణి. నాచు పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రి అదీ మనలాగే పీల్చుకుంటుందని, ఇంటర్లో బోటనీ మార్కుల గురించి ఇప్పటికీ చెప్పుకునే నాకు తట్టలేదు. మావయ్య ముందు పంపు వేశాడు. తర్వాత మోచేతిదాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనబడుతుందేమో చూశాడు. కనబడలేదు.

“ఎంత ఎరువేశావు?”

“ఎరువా? నేనెందుకేస్తాను మావయ్యా?”

“ఏమీ వెయ్యకుండా నీళ్ళిలా రంగు తిరగవురా. మేం పేడా సూపర్ ఫాస్ఫేటూ వేసి కూడా, ఇంకా తేటగానే ఉన్నాయే అని దిగులుపడుతుంటాం. మా బొచ్చెలూ శీలావతులూ బతికేది దీని చలవేగా.”

కిటికీ చూశాడు, లైటు చూశాడు, తిండి డబ్బా తీసి మూత వాసన చూశాడు. “ఇదిగో నీ ఎరువు. మబ్బు పట్టిన రోజు మేం మేత తగ్గిస్తాం. నీకు అమావాస్య లేదు, ఆదివారం లేదు.” మేతలో ప్రొటీన్ ఉంటుంది, ప్రొటీన్లో నత్రజని, భాస్వరం కూడా అందులోదే. చేప తిన్నా తినకపోయినా చివరికి చేరేది నీళ్ళలోకే. నేను డబ్బు పోసి చంపాలని చూసినదాన్ని ఆయన డబ్బు పోసి పెంచుతాడు. ఇద్దరిలోనూ మంచి రైతుని నేనేనని తేలింది.

ఆయన చెప్పిన వైద్యానికి పైసా ఖర్చు లేదు, అందుకే నాకు నమ్మకం కుదరలేదు. తొట్టెని కిటికీ నుంచి జరిపి, నాలుగు రోజులు దుప్పటి కప్పి, మేత మానేసి, పంపు మాత్రం ఆపకుండా ఉంచమన్నాడు. దుప్పటి తీశాక నీళ్ళు పావువంతు మార్చమన్నాడు, చచ్చిన నాచు కుళ్ళుతుంది కాబట్టి. ఫిల్టర్ సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇప్పుడు స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే జాడిస్తున్నాను. మనీప్లాంట్ వేళ్ళు నీళ్ళలోకి వదిలితే నైట్రేట్ లాగేసుకుంటాయని తెలిసి అదీ పెట్టాను. మేత రోజుకొక్కసారి, రెండు నిమిషాల్లో తినేటంత. డబ్బా మా ఆవిడ బీరువాలో ఉంటుంది.

ఆ చదువులోనే తగిలాడు రాబర్ట్ వారింగ్టన్. 1850 నాటి లండన్ రసాయన శాస్త్రవేత్త. ఆయనా గోల్డ్‌ఫిష్‌నీ వాలిస్నేరియానీ కలిపి పెట్టాడు. ఆకులు కుళ్ళి, జిగురు పాచి పట్టి, నీళ్ళు మసకబారాయి. ఆయన చెరువు నత్తల్ని తెచ్చి వదిలితే అవి కుళ్ళంతా తిని తొట్టెని నిలబెట్టాయి. నా తొట్టెలో నత్తలు ముందే ఉన్నాయి, ఇంగువ కొలతకు ముందు.

ఇక మిగిలింది సక్కర్. జానెడు దాటింది. ఒక సాయంత్రం బకెట్లో వేసుకుని, పుణ్యం వస్తుందన్న ధీమాతో ఏలూరు కాలవ గట్టుకి బయల్దేరాను. దారిలో మావయ్యకి ఫోన్ చేసి గొప్పగా చెబితే ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అది దక్షిణ అమెరికా చేప. మన చెరువుల్లో పడి దెయ్యం చేప అనిపించుకుంది. ఒళ్ళంతా ఎముక పలకలు, ముళ్ళ రెక్కలు. వలలు చింపుతుంది, గట్లకి బొరియలు పెడుతుంది, సంతలో కొనేవాడుండడు. కాలవ నీళ్ళే చెరువులకి తోడుకుంటారన్నది నాకు తట్టని ఇంకో సంగతి.

బకెట్ తిప్పుకుని షాపుకి వెళ్ళాను. డబ్బులివ్వనన్నాడు, సరేనన్నాను. ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక కాబోలు, వేలెడంత ఇంకో సక్కర్‌ని కవర్లో కట్టి ఇచ్చాడు. “ఇది పెరగని జాతి సార్.” పెద్దగా పెరగని జాతి ఉన్నమాట నిజమే. మూతి మీద కుచ్చులా మొలకలుంటాయని చదివాను. దీని మూతి నున్నగా ఉంది. ఆ మాటే అడిగాను.

“వయసొస్తే వస్తాయి సార్.”

తెచ్చి తొట్టెలో వేశాను.